డంపు మీద రానీ రానీ అన్నదెవరు

ముందే చెప్తున్నాను... ఇది ఎవరో చెప్పగా విన్న కథ కాదు. నాకు జరిగింది. నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్న బండిలో, నా చెవులతో విన్నాను. నేను తాగను. ఆ రాత్రి జ్వరం కూడా లేదు. నిద్రమత్తు అంటారేమో... కొత్త డ్రైవరు, చేతికింద అంత పెద్ద టిప్పరు, చుట్టూ పొగమంచు. అలాంటప్పుడు నిద్ర ఎక్కడినుంచి వస్తుంది? ఎవరికి చెప్పినా మొదట అడిగేవి ఇవే. అందుకే ముందే చెప్పేస్తున్నాను. ఇక వినండి.

నా పేరు తిరుపతి. మాది గోదావరిఖని. మా బాపు భూగర్భ గనిలో పనిచేసి రిటైరయ్యాడు. నేను చాలాకాలం ఆటో నడిపాను. బస్టాండు నుంచి కాలనీలకు, కాలనీల నుంచి దవాఖానకు... అదే తిరుగుడు. తర్వాత పెద్ద బండ్లు నేర్చుకుని హెవీ లైసెన్సు తీసుకున్నాను. కొత్త డ్రైవరుకు లారీ ఇవ్వడానికి ఎవరూ ముందుకు రారు. నా అదృష్టమో ఏమో, ఒకే వారంలో రెండు చోట్లనుంచి పిలుపు వచ్చింది. ఎక్కడ చేరాలన్నదే చిక్కు.

ఒకటి పెద్ద కంపెనీ. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు పైనున్న మట్టిని తీసి బయట పోసే కాంట్రాక్టు వాళ్లది. ఏ గని అని చెప్పను, పేర్లెందుకు. మా అక్క భర్త రాజమౌళి బావ అక్కడ సూపర్‌వైజరు. బండ్లన్నీ కొత్తవి. లోపల ఏసీ, వెనక కెమెరా. షిఫ్టు అయిపోతే ఇంటికి రావచ్చు. ఒక్కటే తేడా, ఆ బండ్లకు క్లీనర్లు ఉండరు. బండికి ఒక్క డ్రైవరే. కెమెరా ఉండగా మనిషెందుకన్నది వాళ్ల లెక్క.

రెండోది సమ్మక్క లారీలు. రామగుండం దారిలో ఒక రేకుల షెడ్డు, దాని ముందు నాలుగైదు పాత లారీలు. భర్త పోయాక ఆమే నడిపిస్తోంది. థర్మల్ కేంద్రం నుంచి బూడిద ఎత్తుకుని దూరాలు పోతాయి ఆ బండ్లు. వెళ్తే మళ్లీ ఎప్పుడు వస్తామో చెప్పలేం. నేను కలవడానికి వెళ్లినప్పుడు ఆమె లైసెన్సు కూడా సరిగ్గా చూడలేదు. కుర్చీ చూపించి ఒకే ఒక్క మాట అడిగింది.

"తమ్మీ, తొవ్వల నిద్రొస్తే ఏం జేస్తవ్?"

టీ తాగుతానని, ముఖం కడుక్కుంటానని ఏదో చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"బండి పక్కకు వెట్టి పండుకో. లేటయిందని నేనేం అనను. నా బండ్లు పాతయి, గానీ మనుషులను నేను పాతవడనియ్య."

ఆ మాట నాకు నచ్చింది. అయినా నా మనసు పెద్ద కంపెనీ వైపే ఉంది. కారణం మా ఇంటావిడ లావణ్య. అప్పుడు ఆమెకు ఏడో నెల. మా పెద్దమ్మాయి కాన్పు అప్పుడు ఉన్నట్టుండి నొప్పులొచ్చాయి. ఆ రోజు ఆటో వాకిట్లో ఉండబట్టి, నేను ఇంట్లో ఉండబట్టి తల్లీబిడ్డా దక్కారు. ఈసారి కూడా నేను దగ్గర ఉండాలని ఆమె కోరిక. కోరిక కాదు, భయం. అందుకే సమ్మక్కకు కొంచెం టైము కావాలని చెప్పి, పెద్ద కంపెనీలో ట్రయలుకు వెళ్లాను.

ట్రయలంటే ఓ వారం రోజులు రాత్రి షిఫ్టులో పాత డ్రైవరు పక్కన కూర్చోవాలి. నన్ను ఓదెలు కాక బండి ఎక్కించారు. జుట్టంతా నెరిసిన మనిషి, బాబాయి వరసలో అందరూ కాక అనే పిలుస్తారు. నా చిన్నప్పటినుంచీ లారీలమీదే ఉన్నాడట. మాట తక్కువ. నేను తప్పు చేస్తే తిట్టేవాడు కాదు, నాలుకతో చిన్నగా చప్పుడు చేసేవాడు. ఆ చప్పుడు వింటే చాలు, ఎక్కడ తప్పు చేశానో నాకే తెలిసేది.

పని తేలికగా చెప్పాలంటే ఇంతే. లోపల గోతిలో యంత్రం మట్టి నింపుతుంది. దాన్ని పైకి తెచ్చి డంపు మీద పోయాలి. డంపంటే అలా పోసిన మట్టితో పెరిగిన గుట్ట. పైన చదునుగా ఉంటుంది. అంచున నడుము ఎత్తు మట్టికట్ట ఉంటుంది. కట్ట దాకా రివర్సులో వెళ్లి, మట్టి కిందికి వదిలి రావాలి. కట్ట అవతల లోయ. ఎక్కడ పోయాలో చూపించడానికి ఒక మనిషి టార్చి పట్టుకుని నిలబడతాడు. అతను కూడా ఒక పక్కగా, దూరంగా నిలబడాలి. రివర్సు వచ్చే బండి వెనక ఎవరూ ఉండకూడదు. అక్కడ అన్నిటికంటే గట్టి రూలు అదే. మొదటి రోజే చెప్పారు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ రాత్రి చలి బాగా ఉంది. గోదావరి మీదినుంచి మంచు లేచి గని మొత్తాన్ని కప్పేసింది. తెల్లవారడానికి ఇంకా చాలా టైముంది. క్యాంటీన్‌లో టీ తాగి వచ్చాక, ఈ ట్రిప్పు నువ్వే నడుపు, నేను కాసేపు కునుకు తీస్తానని కాక అన్నాడు. నల్ల దుప్పటి కప్పుకుని పక్క సీట్లో ఒరిగిపోయాడు. నేను మట్టి నింపుకుని మెల్లగా పైకి ఎక్కించాను. లైట్ల ముందు తెల్లటి గోడ. టైర్ల కింద మట్టి నలిగే చప్పుడు... అంతే.

డంపు మీదికి వచ్చాను. కిందటి ట్రిప్పులో పోసిన చోటే గుర్తుపట్టి బండి తిప్పాను. టార్చి కోసం చూశాను. లేదు. కెమెరా తెర మీద బూడిద రంగు తప్ప ఏమీ లేదు. నా తలుపు అద్దం కొంచెం దించాను. తడి మట్టి వాసన... డీజిలు వాసన... ఏం చేయాలో తోచలేదు. కాకను లేపుదామా అనుకున్నాను. కొత్తవాణ్ని, ప్రతిదానికీ లేపితే ఏమనుకుంటాడో అని రివర్సు గేరు వేశాను. వెనక అలారం మొదలైంది. పీక్... పీక్... పీక్...

అప్పుడు...

ఠక్.

వెనక, బండి రేకు మీద. అరచేతితో కొట్టిన చప్పుడు.

"రానీ..."

మగ గొంతు. గట్టిగా కాదు, మామూలుగా. లారీ వెనక క్లీనర్లు ఎలా అంటారో అలాగే. మీరూ వినే ఉంటారు కదా. రేకు మీద తడుతూ, రానీ... రానీ... అంటూ బండిని వెనక్కి పిలుస్తారు. నాకు ఏ అనుమానమూ రాలేదు. నిజం చెప్తున్నాను, హాయిగా అనిపించింది. కాక దిగి వెనక్కి వెళ్లినట్టున్నాడు అనుకున్నాను. బ్రేకు మీదినుంచి కాలు తీశాను. బండి కదిలింది.

పీక్... పీక్... ఠక్. "రానీ... రానీ..."

అలారం రెండు కూతల మధ్య ఉన్న ఖాళీలో ఆ చేతి చప్పుడు పడుతోంది. ఎంత కుదురుగా అంటే, దానికోసమే ఆ ఖాళీ ఉన్నట్టు. నేను కుడి అద్దంలో చూస్తున్నాను. ఎర్రటి లైటు వెలుగులో మంచు. మనిషి కనపడడం లేదు. ఎడమ అద్దం చూద్దామని తల తిప్పాను.

ఓదెలు కాక పక్క సీట్లోనే ఉన్నాడు.

దుప్పటి గడ్డం దాకా ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. చెయ్యి మోకాలి మీద ఉంది. గురక కూడా వినిపించింది.

ఠక్. "రానీ..."

భయపడ్డానా అంటే, అప్పటికింకా లేదు. అయితే టార్చి మనిషి అయి ఉంటాడు అనుకున్నాను. రూలు తప్పి వెనక్కి వచ్చాడు, మంచు కదా, ఏం చేస్తాడు పాపం అనుకున్నాను. బండి ఇంకా మెల్లగా వెనక్కి పోతూనే ఉంది. ఇంకోసారి తట్టాడు. అప్పుడు ముందు అద్దంలోంచి కనిపించింది... దూరంగా, ఎడమ పక్కన, మంచులో ఒక పచ్చటి మచ్చ. ఊగుతోంది. అటూ ఇటూ... గుండ్రంగా... టార్చి.

టార్చి మనిషి అక్కడ, నా ముందు, అంత దూరంలో ఉన్నాడు.

కాక ఇక్కడున్నాడు.

మరి వెనక...

బ్రేకు తొక్కాను. బండి ఊగి ఆగింది. చేతులు వాటంతటవే గేరు తీసేశాయి. అలారం ఆగిపోయింది. ఇంజను మాత్రం మెల్లగా ఆడుతోంది.



ఠక్.

ఈసారి వెనక కాదు. వెనక మూల దగ్గర, కుడి పక్కన.

ఠక్... ఇంకొంచెం ముందుకు.

ఠక్... బండి నడుము దగ్గర.

ఎవరో రేకును తడుతూ, తొందర లేకుండా, నా వైపు నడిచి వస్తున్నారు. పని అయిపోయిన క్లీనరు బండి పక్కనుంచి ముందుకు వచ్చి ఎక్కుతాడే... అచ్చం అలా. అడుగుల చప్పుడు లేదు. చెయ్యి ఒక్కటే. నేను అద్దంలోకి చూడాలి. మెడ తిప్పితే చాలు. తిప్పలేదు. నా కళ్లు డ్యాష్‌బోర్డు మీద ఉన్న చిన్న పచ్చ లైటు మీద ఉన్నాయి. అక్కడినుంచి కదలలేదు.

ఠక్... క్యాబిన్ వెనకే.

తర్వాత ఏమీ లేదు.

చాలాసేపు ఏమీ లేదు.

అద్దం నేనే దించాను కదా, నాలుగు వేళ్ల సందు ఉంది. ఆ సందులోంచి, నా చెవికి దగ్గరగా, పక్కింటాయన అడిగినట్టు...

"ఆగినవా?"

అంతే. ఇంకేమీ అనలేదు. వెళ్లిపోయిన చప్పుడు కూడా లేదు.

నేను అరవలేదు. కాక భుజం పట్టుకుని ఊపాను. ఆయన లేచి నా ముఖం చూశాడు. ఏమైందని అడగలేదు. చెయ్యి చాచి ఇంజను ఆపేశాడు. తన వైపు అద్దం పూర్తిగా దించి, చెవి బయటికి పెట్టి విన్నాడు. మంచులో ఎక్కడో దూరంగా యంత్రం మూలుగు తప్ప ఏమీ వినిపించలేదు. అప్పుడు నెమ్మదిగా అడిగాడు.

"ఏ దిక్కున కొట్టిండు?"

నేను ఇంకా నోరు తెరవనేలేదు. ఎవరో కొట్టారని ఆయనకు చెప్పలేదు. ఒట్టు.

కుడి దిక్కున అన్నాను. ఆయన తల ఊపి, హ్యాండ్‌బ్రేకు లాగి, దిగొద్దని చెప్పాడు. ఇంతలో టార్చి మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. రొప్పుతున్నాడు. సాయంత్రంనుంచి అంచు దగ్గర నేల పగులుతోందట. కొంతసేపటి కిందటే పోసే చోటు మార్చారట. మా బండికి ఆ కబురు అందలేదు. మేము పాత చోటికి తిరగడం చూసి టార్చి ఊపుతూనే ఉన్నాడట. అతను మా బండి వెనక్కి రానేలేదు. ఇంకెవరైనా వచ్చారా అని అడిగితే నన్ను వింతగా చూశాడు. డంపు మీద తను ఒక్కడే ఉన్నాడన్నాడు.

కాక బండి కొంచెం ముందుకు తీసి నిలిపాడు. వెలుతురు వచ్చేదాకా కదలలేదు.

తెల్లారాక దిగి చూశాం. నేను బ్రేకు తొక్కిన చోట వెనక టైర్ల అచ్చు మట్టిలో దిగి ఉంది. ఆ అచ్చుకూ అంచు కట్టకూ మధ్య ఒక మనిషి పడుకునేంత జాగా. ఆ జాగాలోనే, అడ్డంగా, చెయ్యి దూరేంత పగులు. ఇంకొంచెం వెనక్కి వచ్చి ఉంటే బండితో సహా పోయేవాళ్లమని టార్చి మనిషి అన్నాడు. కాక ఆ పగులు దగ్గర కూర్చుని చూసి, పోవచ్చు, పోకపోవచ్చు అన్నాడు.

నేను బండి కుడి పక్కకు వెళ్లాను. రేకు మీద దుమ్ము, దానిమీద రాత్రి మంచు పడి పలచటి బురదలా పేరుకుంది. వేలు పెడితే గీత పడుతుంది. నేను పెట్టి చూశాను, పడింది. కానీ వెనక మూలనుంచి నా తలుపు దాకా... ఎక్కడా చెయ్యి పడ్డ గుర్తు లేదు. ఒక్కటి కూడా లేదు.

షిఫ్టు దిగాక క్యాంటీన్ బయట కూర్చున్నాం. కాకను అడిగాను, కొట్టిన సంగతి నీకెలా తెలుసని. ఆయన టీ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"నాకు ఎడమ దిక్కున ఇనవడ్డది," అన్నాడు. "చానేండ్లయింది. గిట్లనే పొగమంచు. గప్పుడు కెమెరాలు లెవ్వు. మా క్లీనరు ఆ దినం డ్యూటీకి రాలే. నేనొక్కన్నే. రానీ రానీ అనవట్టిండు."

ఆగావా అని అడిగాను.

"లేదు కొడుకా. ఆయినె పిలిసినట్టు వెనక్కి వోయిన. కొట్టుడు ఆపిండు, నేను ఆపిన. దిగి సూస్తే టైర్లు కట్టకు ఆనుకోని ఉన్నయ్. గంత సక్కగ నేను ఎన్నడు పెట్టలే."

నాకు ఏం అర్థం కాలేదు. మరి మంచివాడా, చెడ్డవాడా అని అడిగాను. చిన్నపిల్లాడి ప్రశ్నలా ఉందని నాకే అనిపించింది. కాక నవ్వలేదు.

"నాకైతే తొవ్వ సూపిండు. నీకు ఏం జేయవోయిండో నాకెట్ల ఎరుక?"

అక్కడ ఎవరైనా చనిపోయారా అని కూడా అడిగాను. తనకు తెలిసి లేదన్నాడు. ఆ డంపు కొత్తది. తను విన్నది ఇక్కడ కాదు, మందమర్రి పక్కన ఇంకో గనిలో. ఆ తర్వాత చాలా రాత్రులు చెవిపెట్టి కూర్చున్నాడట, మళ్లీ వినిపిస్తుందేమోనని. వినిపించలేదట. ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన ముఖంలో భయం లేదు. ఏముందో నేను చెప్పలేను.

రాజమౌళి బావకు చెప్పాను. ఆయన ఓపికగానే విన్నాడు. బండి వెనక తలుపు, అదే డాలా, దాని గొలుసు ఊగి రేకుకు తగిలి ఉంటుందన్నాడు. రాత్రి షిఫ్టు కొత్తలో అందరికీ ఏవో వినిపిస్తాయన్నాడు. సోమవారం నుంచి డ్యూటీ ఎక్కమన్నాడు. గొలుసు సంగతి సరే, మాట సంగతేంటని నేను అడగలేదు. ఆయన నా మేలు కోరి చెప్తున్నాడు. గొడవెందుకు.

ఇంటికి వచ్చి పడుకున్నాను. నిద్ర రాలేదు. లావణ్యకు చెప్పకూడదనే అనుకున్నాను, ఏడో నెల కదా. కానీ ఆమె పక్కన కూర్చుని తల మీద చెయ్యి వేసేసరికి అంతా చెప్పేశాను. భయపడుతుందనుకున్నాను. ఆమె దయ్యం గురించి ఒక్క మాట అడగలేదు. రోజూ ఆ బండ్లో నువ్వు ఒక్కడివే ఉంటావా, వెనక చూసే మనిషి ఎవరూ ఉండరా అని అడిగింది. ఉండరన్నాను. కాక కూడా ఆ వారం వరకే. తర్వాత నేనూ, కెమెరా.

లేచి కిటికీ తలుపు తీసింది. వీధిలో రెండో షిఫ్టుకు పోయే బస్సు హారను కొట్టింది.

"ఆ లారీల అక్క దగ్గరికే వో," అంది.

మరి కాన్పు అప్పుడు నేను ఊళ్లో లేకపోతే అన్నాను. ఎన్ని రోజులుగా ఆమె నన్ను అడుగుతున్న ప్రశ్న అది. ఆరోజు నేను ఆమెను అడిగాను.

"నువ్వు దగ్గరుండుడు కాదు నాకు గావాల్సింది. నువ్వు ఉండాలె. గంతే."

ఆ సాయంత్రమే రామగుండం వెళ్లాను. సమ్మక్కకు జరిగినదంతా చెప్పలేదు. ఇంటి పరిస్థితి మాత్రం చెప్పాను. ఆమె కాన్పు అయ్యేదాకా దూరం పంపనని, మంథని వైపు ఇటుక బట్టీలకు బూడిద తోలమని చెప్పింది. పొద్దున వెళ్తే రాత్రికి ఇల్లు చేరే దారి. నా బండికి క్లీనరుగా యాకూబ్ భాయిని ఇచ్చింది. మా బాపు వయసుంటుంది ఆయనకు. మొదటి రోజు బట్టీ దగ్గర రివర్సు పెడుతుంటే ఆయన వెనక రేకు మీద తట్టి, రానీ అన్నాడు. నేను బండి ఆపేసి దిగి వెళ్లి చూసి వచ్చాను. ఏమైందని అడిగాడు. ఏం లేదు భాయ్ అన్నాను. మూడు నాలుగు రోజులు అలాగే దిగి చూశాను.  తర్వాత తనే ఒక పద్ధతి పెట్టుకున్నాడు. తట్టడానికి ముందు, తిరుపతీ నేనే, అనేవాడు. ఎందుకో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

లావణ్యకు బాబు పుట్టాడు. ఆ రోజు నేను మంథని దారిలో ఉన్నాను. దవాఖానకు చేరేసరికి అంతా అయిపోయింది. ఇద్దరూ బాగున్నారు. ఇప్పుడు దూరాలు కూడా పోతున్నాను. నిద్రొస్తే పక్కకు పెట్టి పడుకుంటున్నాను.

కిందటేడు ఓదెలు కాక ఖని మార్కెట్‌లో కూరగాయలు కొంటూ కనిపించాడు. పని మానేశాడు. చెవులు సరిగ్గా వినిపించడం లేదట. ఇంట్లో వాళ్ల సంగతులు, నా పిల్లల సంగతులు మాట్లాడుకున్నాం. వెళ్లబోతూ నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు.

"గప్పుడు ఆగినవా అన్నడంటివి గదా. గా గొంతు ఎట్లుండె? సంబురమా, కోపమా?"

ఏమో కాకా అన్నాను. ఆయన కొంచెంసేపు నా ముఖంలోకి చూసి, సంచీ భుజాన వేసుకుని జనంలో కలిసిపోయాడు.

నిజం చెప్పనా... ఆ మాటను నా గొంతుతో నేనే ఎన్నోసార్లు అని చూశాను. బండ్లో ఒక్కడినే ఉన్నప్పుడు, అద్దాలు మూసుకుని. అమ్మయ్య, ఆగావా అన్నట్టు అని చూశాను. అయ్యో, ఆగిపోయావా అన్నట్టు కూడా అని చూశాను.

రెండూ ఆ రాత్రి విన్నట్టే ఉన్నాయి.